దారి చీలే వయసు

మా మేనమామ జీవితంలో ఒక పెద్ద నిర్ణయం అయిదు నిమిషాల్లో జరిగిపోయింది. అది 1972. ఆయనకు అప్పుడు పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే లెక్కల మాస్టారు వచ్చి, కాంపోజిట్ లెక్కలు తీసుకునేవాళ్లు కిటికీల వైపు, జనరల్ లెక్కలు తీసుకునేవాళ్లు గోడ వైపు కూర్చోవాలని చెప్పారట. మామయ్యకు ఆ రెండింటికీ తేడా ఏమిటో తెలియదు. ప్రాణస్నేహితుడు గోడ వైపు వెళ్లి కూర్చున్నాడు కాబట్టి ఆయనా వెళ్లి వాడి పక్కనే కూర్చున్నాడు. 1974లో ఎస్సెస్సీ మంచి మార్కులతోనే పాసయ్యాడు. జూనియర్ కళాశాలకు వెళ్లి ఎంపీసీ కావాలని అడిగితే, నువ్వు చదివినవి జనరల్ లెక్కలు గనక ఆ గ్రూపు ఇవ్వడం కుదరదన్నారు. గోడ వైపు కూర్చోవడమంటే అర్థమేమిటో ఆయనకు తెలిసింది ఆ రోజున.

నేను చదివిందీ ఆ బాలుర ఉన్నత పాఠశాలలోనే. మా నాన్నగారిదీ అదే బడి. ప్రధానోపాధ్యాయుల గదిలో ఏటేటా ప్రథముడిగా నిలిచిన విద్యార్థుల పేర్లు రాసిన చెక్క బోర్డు ఒకటుండేది. దాని మీద పేరు పక్కన సంవత్సరం, దాని పక్కన పరీక్ష పేరు తెల్ల రంగుతో రాసి ఉండేవి. పైవరుసల్లో ఎస్సెస్సెల్సీ అని ఉన్నది కిందికి వచ్చేసరికి ఎస్సెస్సీగా మారిపోయేది. చిన్నప్పుడు ఆ అక్షరం రాసేటప్పుడు రంగు అయిపోయిందేమో అనుకునేవాణ్ణి. ఆ ఒక్క అక్షరం పోవడం వెనక ఒక చదువుల పద్ధతే మారిపోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

నాన్నగారు 1965లో పదకొండో తరగతి పూర్తి చేసి ఎస్సెస్సెల్సీ పాసయ్యారు. అప్పట్లో హైస్కూలు చదువు పదకొండేళ్లు. ఆ తర్వాత కళాశాలలో ఒక్క ఏడాది పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు), ఆపైన మూడేళ్ల డిగ్రీ. ఆయన ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్ ఇప్పటిలా ఒక కాగితం కాదు, అట్ట వేసిన చిన్న పుస్తకం. పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో వచ్చిన మార్కులు కూడా అందులో చేతిరాతతోనే ఉన్నాయి. ఆ పుస్తకం తిప్పుతుంటే ఒక పిల్లవాడి హైస్కూలు చదువంతా ఒకచోట కూర్చి చూపినట్టుంటుంది. మా రోజుల్లో ఒక్క మార్చి నెలలో రాసిన పదకొండు పేపర్లే మిగిలాయి, అంతకు ముందున్న ఏళ్లన్నీ బడి రికార్డుల్లోనే ఉండిపోయాయి.

1964-66 నాటి కొఠారీ కమిషన్, దాని వెంట 1968లో వచ్చిన జాతీయ విద్యావిధానం దేశమంతటికీ ఒకే పద్ధతి ఉండాలన్నాయి. మన రాష్ట్రంలో, అంటే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 1969-70 విద్యా సంవత్సరం నుంచి పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికొక బోర్డు ఏర్పడింది. బడి పదో తరగతితో ఆగింది. పైకి చూస్తే ఇది ఏళ్ల లెక్క సర్దుబాటులాగే కనిపిస్తుంది, కానీ బడిలో కూర్చున్న పిల్లవాడికి దీని అర్థం వేరు. బడి వదిలి, ఏదో ఒక గ్రూపు ఎంచుకుని, కొత్త గుమ్మం ఎక్కవలసిన వయసు ఒక ఏడాది ముందే వచ్చిపడింది. మా మామయ్య తరానికి అది చాలదన్నట్టు బడిలోనే ఇంకో చీలిక ఉండేది. అదే జనరల్, కాంపోజిట్.

ఆ చీలికను పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. పై చదువులకు వెళ్లని పిల్లలకు బరువైన బీజగణితం, రేఖాగణితం ఎందుకు, నిత్యజీవితానికి పనికివచ్చే లెక్కలు చాలు కదా అన్నది దాని వెనకున్న ఆలోచన. అయితే ఏ పిల్లవాడు పై చదువులకు వెళ్తాడో పద్నాలుగేళ్ల వయసులో ఎవరు చెప్పగలరు? ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్న పిల్లలకు ఆ రెండు మాటల తేడా ముందే తెలుసు. తెలియనివాళ్లు స్నేహితుణ్ణి చూసో, మాస్టారి ముఖం చూసో, ఖాళీగా ఉన్న బెంచీని చూసో కూర్చున్నారు. ఆ ఏర్పాటు అన్యాయమైనదని నేను ఈ రోజుకీ నమ్ముతాను.

మా కాలానికి అది పోయింది. 2000 మార్చిలో పదో తరగతి రాసిన మేమందరం ఒకే లెక్కలు, ఒకే సైన్సు, ఒకే సోషల్ చదివాం. ఆరు సబ్జెక్టులు, మొత్తం 600 మార్కులు. హిందీకి నూరు మార్కుల పేపరు ఒకటి, మిగిలిన అయిదింటికీ యాభై మార్కుల చొప్పున రెండేసి పేపర్లు. పాసు కావడానికి హిందీలో 20, మిగిలినవాటిలో 35 రావాలి. 360 దాటితే ఫస్ట్ క్లాసు. ప్రతి పేపరుకూ చివరి అరగంటలో బిట్ పేపరు ఇచ్చేవారు. ఆ కాగితం చేతికి రాగానే గదిలో కుర్చీల కిర్రుమనే చప్పుడు, ఆ వెంటనే పడే నిశ్శబ్దం నాకింకా చెవుల్లో ఉన్నాయి.

అందరికీ ఒకే పాఠం ఉండడంలోని గొప్పతనం ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. లెక్కల పుస్తకం ప్రవచనాలు, సమితులతో మొదలయ్యేది. 'ప' సత్యమై 'ఫ' అసత్యమైతే సంయోగం ఏమవుతుంది, వియోగం ఏమవుతుంది అని సత్యపట్టికలు నింపేవాళ్లం. ఆ తర్వాత ప్రమేయాలు, బహుపదులు, ఏకఘాత ప్రణాళిక, శ్రేఢులు. రెండో పేపరులో రేఖాగణితం, త్రికోణమితి, మాత్రికలు. తెలుగులో ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ అని, చంపకమాలకు న-జ-భ-జ-జ-జ-ర అని గణాలు కట్టి, ఒకదానికి పదో అక్షరం, ఇంకోదానికి పదకొండో అక్షరం యతిస్థానమని వేళ్ల మీద లెక్కపెట్టి చూపించేవాళ్లం. సోషల్‌లో భారతదేశ పటం మీద నదులూ పట్టణాలూ గుర్తించేవాళ్లం. తర్వాత ఫిట్టరైనవాడూ, ఇంజనీరైనవాడూ, మాస్టారైనవాడూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ఉత్పలమాలను విడగొట్టారు. నాకు తెలిసి మా తరగతిలో అందరం సమానంగా నిలిచిన చోటు అదొక్కటే.

ఆ సమానత్వం ఎంత నిజమో, సన్నని తీగల మందం కొలిచే స్క్రూగేజి పాఠం రోజున కళ్లారా చూశాను. మా ప్రయోగశాలలో పనిచేసే స్క్రూగేజులు రెండే ఉండేవి. పిచ్ ఒక మిల్లీమీటరు, తల స్కేలు మీద నూరు విభాగాలు, కాబట్టి కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. ఇంతవరకు అందరికీ కంఠస్థమే. అసలు చిక్కు శూన్యాంశ దోషం దగ్గర వచ్చేది. రెండు మొనలూ తాకినప్పుడు తల స్కేలు మీది సున్న సూచీరేఖకు కిందనుంటే దోషం ధనాత్మకం, సవరణ రుణాత్మకం. పైనుంటే దీనికి తిరగబడుతుంది. తరగతిలో మొదటి ర్యాంకులు తెచ్చుకునేవాళ్లం ఆ వాక్యాన్ని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పగలిగాం గాని, పరికరం చేతికిచ్చి తీగ మందం చెప్పమంటే తడబడ్డాం. చివరి బెంచీలో కూర్చునే మిత్రుడొకడు, హిందీలో 20 రావడమే గగనమయ్యేవాడు, దాన్ని అందుకుని, మర బిగించే ముందు ఒక కన్ను మూసి సూచీరేఖను చూసి, సవరణతో సహా కొలత చెప్పేశాడు. మాస్టారు తానే మళ్లీ కొలిచి చూసి, వాడి భుజం తట్టి, "నీ చెయ్యి మంచిదిరా, దీన్ని పోగొట్టుకోకు" అన్నారు. వాడు ఐటీఐలో ఫిట్టరు ట్రేడు రెండేళ్లు చదివి, తర్వాత అప్రెంటిస్‌షిప్ పూర్తి చేశాడు. శిక్షణ మొదట్లో మైక్రోమీటరు చేతికిచ్చినప్పుడు అది తనకు పాత నేస్తంలా అనిపించిందని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. అది మా స్క్రూగేజే, పేరు వేరంతే.

మాది బాలుర పాఠశాల కావడం వల్ల పాఠాల్లో తేడా ఏమీ లేదు. పక్క వీధిలోని బాలికల పాఠశాలలోనూ అవే పుస్తకాలు, అదే ప్రశ్నపత్రం. పని అనుభవం పీరియడ్లో మాత్రం వాళ్లకు కుట్టుపని, మాకు చెక్కపని ఉండేవి. మాలో ఎవరికైనా కుట్టుపని, వాళ్లలో ఎవరికైనా చెక్కపని నేర్చుకోవాలని ఉందేమో అని అడిగినవాళ్లు లేరు. అదీ ఒక చీలికేనని ఇప్పుడు అనిపిస్తుంది.

పదో తరగతి సంవత్సరంలో చదువుతో సంబంధం లేకుండానే అందరికీ గుర్తుండిపోయే ఘట్టం నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా, రాయడం. గుమాస్తా గారు పెద్ద కాగితం పరిచి ఒక్కొక్కణ్ణీ పిలిచి, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పైకి చదివి వినిపించేవారు. ఆ తర్వాత రెండు పుట్టుమచ్చలు చూపించాలి. చొక్కా చేతులు పైకి మడిచి, మెడ వంచి, మోకాళ్లు చూపి ఎలాగో రెండు వెతికిపెట్టుకునేవాళ్లం. నా రెండో పుట్టుమచ్చ ఎడమ మోచేతి వెనక ఉందని నాకు తెలియనే తెలియదు, గుమాస్తా గారే కనిపెట్టారు. "జాగ్రత్తగా వినండి నాయనా, ఇక్కడ పడ్డ అక్షరమే జన్మంతా మీ వెంట వస్తుంది" అని ఆయన ప్రతివాడికీ విసుగు లేకుండా చెప్పేవారు. అది అక్షరసత్యం. పై చదువుకైనా, ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి మాకు రుజువు ఆ ఎస్సెస్సీ మెమోయే. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివామో చెప్పే స్టడీ సర్టిఫికెట్లు కూడా అప్పుడే తీసి దాచుకొమ్మన్నారు ఆయన. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో స్థానికత తేలేది వాటితోనేనని, ఉద్యోగ ఎంపిక సమయంలో సర్టిఫికెట్ల పరిశీలనకు వరుసలో నిలబడ్డప్పుడు గాని నాకు తెలియలేదు.

ఇంక నేను చెప్పదలచుకున్న అసలు రోజు. 2000 జనవరిలో ఒక శనివారం చివరి పీరియడు. మా లెక్కల మాస్టారు పాఠం చెప్పకుండా నల్లబల్లంతా తుడిపించి, మధ్యలో ఒక చెట్టు గీశారు. మొదలు మీద 'పది' అని రాశారు. అందులోంచి ఒక పెద్ద కొమ్మ ఇంటర్మీడియట్. దానికి ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అని అయిదు రెమ్మలు, పక్కన వొకేషనల్ కోర్సుల రెమ్మ ఇంకొకటి. ఎడమవైపు పాలిటెక్నిక్ కొమ్మ, దానికి దిగువన ఐటీఐ కొమ్మ. నాగార్జునసాగర్‌లోని గురుకుల జూనియర్ కళాశాలకు వేరే ప్రవేశ పరీక్ష ఉంటుందని, దరఖాస్తు సకాలంలో పెట్టుకోవాలని ఒక మూలన గుర్తు వేశారు.

అప్పటివరకు ఇవన్నీ మాకు చెవిన పడ్డ పేర్లే. మాస్టారు ఆ తర్వాత చేసిన పని మాత్రం ఎవరూ చేయనిది. ఎర్ర సుద్ద తీసుకుని, ఒక కొమ్మనుంచి ఇంకో కొమ్మకు చుక్కల గీతలు గీయడం మొదలుపెట్టారు. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తయినవాడు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, కాబట్టి అక్కడొక చుక్కల గీత. ఎంపీసీ చదివినవాడికి బీఎస్సీతో పాటు బీకాంకూ బీఏకూ కూడా దారి ఉంది, అక్కడ రెండు గీతలు. డైట్‌లో చేరి ఉపాధ్యాయుడు కావడానికి, అయిదేళ్ల లా కోర్సులో చేరడానికి ఏ గ్రూపు వాళ్లయినా ప్రవేశ పరీక్ష రాయవచ్చు, ఆ అయిదు గ్రూపుల రెమ్మల నుంచీ గీతలు. సీఈసీ, హెచ్‌ఈసీల దగ్గరకు వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. ఇక్కడినుంచి ఇంజనీరింగుకు గాని, సైన్సు డిగ్రీకి గాని గీత లేదని స్పష్టంగా చెప్పారు. బైపీసీ నుంచి ఇంజనీరింగుకు కూడా లేదన్నారు. "ఏ దారి గొప్పదో నేను చెప్పను. ఏ దారిలో చేరితే ఏ తలుపు మూసుకుంటుందో మాత్రం తెలిసి చేరండి. తెలియక చేరొద్దు" అన్నారు. గంట కొట్టినా ఒక్కడూ లేవలేదు. నేను లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో ఆ చెట్టును దించుకున్నాను. ఎర్ర రంగు లేకపోతే పక్కవాడి స్కెచ్‌పెన్ అడిగి తీసుకున్నాను.

ఆ సాయంత్రం మామయ్య మా ఇంటికి వస్తే ఆ పేజీ చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత లెక్కల పుస్తకం అడిగి తీసుకుని మాత్రికల అధ్యాయం తెరిచాడు. ఆ పేరు వినడమే తప్ప ఏనాడూ చదవలేదన్నాడు. పరీక్షలైపోయిన వేసవిలో, నలభై రెండేళ్ల వయసులో, రెండు వందల పేజీల పుస్తకం ఒకటి కొనుక్కుని, రోజూ సాయంత్రం పనినుంచి వచ్చాక నా పాత లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని మాత్రికలు చేశాడు. రెండు మాత్రికలను ఏ క్రమంలో గుణిస్తున్నామన్నదాన్ని బట్టి జవాబు మారిపోవచ్చని తెలిసినప్పుడు చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. క్రేమర్ పద్ధతిలో రెండు సమీకరణాలు సాధించి, విలోమ మాత్రిక పద్ధతిలోనూ అవే విలువలు వచ్చాయని చూపించడానికి మా ఇంటికి నడిచి వచ్చాడు. ఇన్నేళ్లూ అకౌంట్లు రాసిన ఆయన చేతిరాతలో ఆ మాత్రికల అడ్డువరుసలు, నిలువు వరుసలు ఎంత పొందికగా ఉండేవో చెప్పలేను.

ఫలితాలు వచ్చాయి. నాకు 423 మార్కులు, తెలుగు, సోషల్‌లలో ఎక్కువ, లెక్కల్లో తక్కువ. ఇంట్లో అందరూ ఎంపీసీ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది మామయ్యే. తనకు మూసిన తలుపు నాకు తెరిచి ఉండగా నేను వెళ్లకపోవడం ఆయనకు మింగుడుపడలేదు. నేను నోటు పుస్తకం చివరి పేజీ తీసి హెచ్‌ఈసీ రెమ్మ చూపించి, ఇక్కడినుంచి ఏయే గీతలు లేవో నాకు తెలుసు మామయ్యా, తెలిసే వెళ్తున్నాను అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. మర్నాడు ఉదయం నాతో పాటు జూనియర్ కళాశాలకు వచ్చి, దరఖాస్తు ఒకటికి రెండుసార్లు చదివి, గ్రూపు అన్నచోట నేను రాసినది సరిగ్గా ఉందో లేదో చూసి, అప్పుడు ఇమ్మన్నాడు. ఆ తర్వాత నేను బీఏ, బీఈడీ చేసి, డీఎస్సీ రాసి సోషల్ మాస్టారినయ్యాను.

పాలిటెక్నిక్ కొమ్మ పట్టుకున్న మిత్రుడి దారి ఇంత సాఫీగా సాగలేదు. పది వరకు తెలుగు మాధ్యమం, డిప్లొమా మొత్తం ఇంగ్లీషు. త్వరణం, ద్రవ్యవేగం, జడత్వం అని వాడు అర్థం చేసుకుని నేర్చుకున్న మాటలన్నిటికీ కొత్త పేర్లు వచ్చి పడ్డాయి. మొదటి ఆరు నెలలు ఒక పుస్తకంలో ఎడమవైపు మన మాట, కుడివైపు వాళ్ల మాట రాసుకుని పెట్టుకున్నాడు. భావం తెలిసినవాడికి పేరు నేర్చుకోవడం కష్టమే గాని అసాధ్యం కాదని వాడు రుజువు చేశాడు. 2003లో ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరినప్పుడు నాకు ఉత్తరం రాస్తూ, మాస్టారి చుక్కల గీత మీద నడుస్తున్నానని రాశాడు.

నేనిప్పుడు పదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఏటా జనవరిలో ఒక పీరియడు అడిగి తీసుకుని నల్లబల్ల మీద ఆ చెట్టు గీస్తాను. పేర్లు కొన్ని మారాయి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షను ఇప్పుడు పాలిసెట్ అంటున్నారు. ఐటీఐ నుంచి ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా డిప్లొమా రెండో సంవత్సరానికి వెళ్లే దారి మా రోజుల్లో ఆ బల్ల మీద లేదు, ఇప్పుడు ఆ చుక్కల గీత గీసేటప్పుడు నాకు చివరి బెంచీ మిత్రుడు గుర్తుకొస్తాడు. అన్నీ గీశాక చెట్టు మొదట్లో, 'పది' అన్న మాటకు కాస్త కింద, ఆకులేని చిన్న కొమ్మ ఒకటి గీసి, పక్కన 1972 అని వేస్తాను. అదేమిటి మాస్టారూ అని పిల్లలు అడుగుతారు. అప్పుడు కిటికీల వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూపించి, మా మామయ్య కథ మొదలుపెడతాను.